ఆరువందల పదకొండు గండాలు

పనెక్కువై నలిగిపోయినవాడి మీద లోకానికి జాలి ఉంది. పని లేక నలిగిపోయినవాడి మీద లేదు. "కూసోవెట్టి జీతమిస్తుంటే ఇంకేం రోగం?" అంటారు. సారంగపాణిని ఆ మాట అనని చుట్టం లేడు.

గట్టుపల్లి ఎత్తిపోతల పంపుహౌసులో అతను సీనియర్ ఆపరేటరు. అక్కడ నేల కింద వంద అడుగుల లోతులో ఏడు పంపులుంటాయి, ఒక్కొక్కటి మిద్దెంత. ఏటి నీళ్లు తోడి గుట్ట మీది కాలువలో పోస్తాయి. ఒకప్పుడు ఆ ఏడింటినీ సారంగపాణి చెవులతో నడిపాడు. ఇనుప కడ్డీ ఒక కొసను బేరింగు మీద పెట్టి, రెండో కొసను చెవికి ఆనించుకుని, "దీనికి నూనె అందుతలేదు" అన్నాడంటే ఇక విప్పి చూడనక్కర్లేదు. తర్వాత కొత్త యంత్రాంగం వచ్చింది. పంపులు తమంతట తామే మొదలవుతాయి, తమ జ్వరం తామే చూసుకుంటాయి, తమకు కావలసిన నూనె తామే తాగుతాయి. సారంగపాణికి మిగిలిన పనల్లా చల్లటి గదిలో కూర్చుని, తెర మీది ఏడు పచ్చ దీపాలు పచ్చగానే ఉన్నాయని గంటకోసారి రిజిస్టరులో రాయడం.

ఎనిమిది నెలల్లో మనిషి మారిపోయాడు. డ్యూటీ బస్సు దిగి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడేవాడు. పన్నెండు గంటలు ఊరికే కూర్చున్న మనిషికి అంత అలసట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టేది కాదు. పలకరిస్తే కసురుకునేవాడు. ఒక ఆదివారం, బాగా తిరుగుతున్న ఫ్యానును కిందికి దించి, విప్పి, బిగించి, పైన పెట్టాడు. మధ్యాహ్నం మళ్లీ దించాడు. సాయంత్రం మూడోసారి దించుతుంటే వంటింటి గుమ్మంలోంచి భార్య వకుళ చూసింది. ఆ చేతులు పనికోసం ఎంత ఆకలిగొని ఉన్నాయో ఆమెకు ఆ పూట తెలిసింది.

వకుళ అతనికి మేనత్త కూతురు. హనుమకొండలో ఒక పరిశోధనశాలలో మనిషి శ్రద్ధ మీద పనిచేస్తోంది. మనసు ఎప్పుడు మెలకువగా ఉంటుంది, ఎప్పుడు జారిపోతుంది, జారిన మనసును మళ్లీ లేపడం ఎలా అన్నది ఆమె చదువు. మర్నాడు ఆమె అతని ముంజేతికి నాడి కొలిచే పట్టీ ఒకటి కట్టి డ్యూటీకి పంపింది. వారం తర్వాత పట్టీలోని లెక్క తీసి, నమ్మలేక రెండోసారి సరిచూసుకుంది. నిద్రలో కన్నా డ్యూటీలోనే అతని నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది.

ఆ నాడి గీతల కాగితాలను పట్టుకెళ్లి పరిశోధనశాల పెద్ద, డాక్టర్ కృపానందం ముందు పెట్టింది. "పని లేని మనసుకు పని కల్పించాలి సార్."

"దానికోసం నిజం ప్రమాదాలు తెచ్చిపెట్టలేం కదమ్మా" అన్నాడాయన నవ్వుతూ.

"తేవద్దు సార్. వచ్చినట్టు చూపిద్దాం."

అలా పుట్టింది 'మేలుకొలుపు'. ఆపరేటరు కళ్లనూ నాడినీ అది కనిపెట్టుకుని ఉంటుంది. మనసు జారుతోందని తెలియగానే ఒక ఉత్తుత్తి గండాన్ని తెర మీద పుట్టిస్తుంది, అతని తెలివికి బెత్తెడు పైన ఉండేటట్టు. సూదులు కదుల్తాయి. నేల కింది స్పీకర్లలోంచి పంపు మూలుగుతుంది. అతను వాల్వులు తిప్పుతాడు, మీటలు నొక్కుతాడు. అవేవీ నిజం పంపుదాకా పోవు. దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. నిజంగా ఏదైనా చెడితే మాత్రం మేలుకొలుపు పక్కకు తప్పుకుని, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. ఏది నిజమో ఏది ఉత్తుత్తిదో పరిశోధనశాలలోని రికార్డుకే తెలుసు. ఆపరేటరుకు తెలియకూడదు. తెలిస్తే మందు పనిచేయదు.

చిక్కల్లా ఎర్ర బటన్‌తో వచ్చింది. అది నొక్కితే పంపు ఆగిపోతుంది. భద్రత కోసం దాని తీగను ఏ కంప్యూటరు గుండానూ పోనివ్వరు, నేరుగా మోటారుకే కలుపుతారు. ఉత్తుత్తి గండానికి ఎర్ర బటన్ నొక్కితే నిజం పంపు ఆగి నిజం పొలాలు ఎండుతాయి. అందుకని వకుళ ఒక నియమం రాసింది. మేలుకొలుపు పుట్టించే ఏ గండానికీ ఎర్ర బటన్ మందు కాకూడదు. ఓపిగ్గా వెతికితే వేరే దారి ఎప్పుడూ ఉండాలి. టీ చల్లారేలోపు రాసేసిన నాలుగు పంక్తులవి. తర్వాత వాటిని ఆమె మళ్లీ చదువుకోనైనా లేదు.

పంపుహౌసు చీఫ్ ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఆపరేటరు సంతకం కావాలంటే వకుళే కాగితం ఇంటికి తెచ్చింది.

"ఏందిది?" అన్నాడు సారంగపాణి.

"కొత్త స్క్రీను పెడుతున్నరు బావా. పరీక్ష కోసమట."

"నువ్వు తెచ్చినవంటే ఇగ సదివేదేముంది" అని చివరి పేజీ తిప్పి సంతకం చేశాడు.

మొదటి గండం ఒక మంగళవారం పదింటికి పుట్టింది. వకుళ, కృపానందం పరిశోధనశాలలో కూర్చుని కెమెరాలో చూస్తున్నారు. సారంగపాణి గడ్డం గుండెలకు ఆనించుకుని ఉన్నాడు. మూడో పంపు దీపం పచ్చ నుంచి పసుపుకు తిరిగింది. నేలలోంచి సన్నగా గుర్రుమన్న చప్పుడు. అతను తల ఎత్తాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది, చూసుకోలేదు. ఇరవై రెండు నిమిషాలు తెరల మధ్య పరుగులు పెట్టాడు. ఒకటి తిప్పి చూశాడు, కాదనుకుని వదిలేశాడు. ఇంకొకటి పట్టాడు, "అట్లనా నీ సంగతి" అని పంపును తిట్టాడు. చివరికి దీపం పచ్చబడింది. నడుం మీద చేతులు పెట్టుకుని, ఒక్కడే ఆ గదిలో గట్టిగా నవ్వాడు. ఇన్ని నెలల తర్వాత ఆ నవ్వు విని వకుళ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. కృపానందం చూడనట్టు నటించాడు.

ఆ సాయంత్రం సారంగపాణి బస్సు దిగుతూనే కేకేశాడు. "వకుళా, ఇయ్యాల ఏమైందో తెలుసా?"

ఆమెకు తెలుసు. "ఏమైంది బావా?" అంది.

ఆ తర్వాత ఇంట్లో వచ్చిన మార్పు చూసి తీరాల్సిందే. అన్నం ముందు కూర్చుంటే రోజుకో కథ. కందిపప్పు గిన్నె పంపు, గరిటె వాల్వు, మంచినీళ్ల చెంబు మోటారు. "ఇగో, ఈడ గాలి జొరవడ్డది. నేనేం జేసిన్నో చెప్పు!" వకుళ కావాలనే తప్పు చెప్పేది. "నీకేం ఎరుక, నీయి అన్ని కాగితాల సదువులు" అని ఉడికించి, గర్వంగా విడమరిచేవాడు. పోయిన మొగుడు తిరిగొచ్చినట్టయింది ఆమెకు. అబద్ధమే కదా అని మనసు గిల్లితే, ఎవరికి నష్టమని తనే సర్దిచెప్పుకునేది.

ప్రతి గండాన్నీ అతను ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. ఏం కనిపించింది, ఏం వినిపించింది, దేనితో కుదిరింది. అది ఎవరూ చెప్పిన పని కాదు. కడ్డీ పట్టడం నేర్పిన పాతకాలం మేస్త్రీ తనకేమీ రాసివ్వకుండానే పోయాడని, తన వెనక వచ్చేవాళ్లకు ఆ లోటు ఉండకూడదని రాసేవాడు.

రెండో ఏడు ఆషాఢంలో ఒక రోజు సారంగపాణి కేకేయకుండా ఇంట్లోకి వచ్చాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు.

"ఆపేసిన వకుళా. నాలుగో పంపు. బేరింగు వేడెక్కుతుంటే రెండు మూడు తీర్ల చూసిన. ఎందుకో ఆ సప్పుడు విని భయమైంది. ఎర్ర బటన్ నొక్కిన. విప్పి చూస్తే బేరింగుకు గీత గూడ లేదు. నూనె గొట్టంల ఇంత పీచు అడ్డం వడ్డది, గంతే. గింతదానికే పంపు ఆపినవా అని రిపేరోళ్లు నవ్విన్రు. నాలుగు గంటలు నీళ్లు బందైనయ్. మెమో గూడ ఇచ్చిన్రు."

పరిశోధనశాల రికార్డు వకుళ ఆ మధ్యాహ్నమే చూసింది. అది ఉత్తుత్తి గండం కాదు. నిజం. ఇంకో నలభై సెకన్లు ఆలస్యమైతే బేరింగు కరిగి, షాఫ్టు విరిగి, కింది అంతస్తులో తుడుస్తున్న ఇద్దరి మీద పడేది. సమయానికి ఆపాడు కాబట్టే బేరింగుకు గీత పడలేదు, గీత పడలేదు కాబట్టే అందరూ నవ్వారు. 'బావా, నువ్వు చేసిందే సరి' అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. 'నీకెట్ల తెలుసు' అని అతనడిగితే? ప్రయోగం ఇంకా సగంలో ఉంది.

"పోనీ తియ్యి బావా. ఈసారి కొంచెం ఓపిక పట్టు" అంది.

అతను తలూపాడు. ఆ రోజు పేజీని నోటుబుక్కులోంచి చింపేశాడు. అట్ట లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: 'పని తెలిసినోనికి ఎర్ర బటన్ అక్కర లేదు.'

మూడో ఏడు వచ్చేసరికి గట్టుపల్లి సారంగపాణి అంటే చుట్టుపక్కల పంపుహౌసులన్నిటా పేరు. అన్ని గండాలు గట్టెక్కించి, ఒక్కసారి తప్ప ఎన్నడూ పంపు ఆపని మనిషి! కొత్తగా చేరిన ఆపరేటర్లను అతని దగ్గరికి నేర్చుకోవడానికి పంపడం మొదలుపెట్టారు. వాళ్లలో స్వరూప అనే అమ్మాయి చురుకైనది. కోనాపురంలో, ఏ యంత్రాంగమూ లేని పాతకాలపు పంపుల మీద ఆమె ఉద్యోగం. సారంగపాణి నోటుబుక్కును జిరాక్సు తీయించుకుని, అట్ట లోపలి మాటతో సహా కంఠతా పట్టింది.

ఈ సంగతి తెలిసిన రోజు వకుళ కృపానందం గదికి పరుగెత్తింది. "సార్, ఆయన నేర్పేవి మనం అల్లిన గండాలు. కోనాపురంలో నిజం పంపులున్నాయి."

"పంపు శాస్త్రం ఎక్కడైనా ఒకటేనమ్మా. మూడు నెలల్లో ప్రయోగం ముగుస్తుంది. అప్పుడు అందరికీ మనమే చెబుదాం" అన్నాడాయన. మంచివాడే. తన పని మీద ప్రేమ ఉన్నవాడు. వకుళా అంతే. ఆ మూడు నెలలూ ఆగుదామని నోరు మూసుకుంది.

రెండో నెలలో కోనాపురంలో బేరింగు వేడెక్కింది. స్వరూప పంపు ఆపలేదు. నోటుబుక్కులో ఉన్నట్టుగా వాల్వు తగ్గించాలనుకుంది; అక్కడ తెరలు లేవు గనుక, తిరుగుతున్న పంపు దగ్గరికి దిగి చేత్తోనే తిప్పబోయింది. బేరింగు బిగుసుకుపోయింది, దాని మీది ఇనుప మూత ఊడి లేచింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు.

వారం రోజులు సారంగపాణి సెలవు పెట్టి ఇంట్లో నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. పేజీ పేజీ వేలు పెట్టి చదివాడు. వకుళ టిఫిను తెచ్చిపెడితే చల్లారిపోయేది.

"యాడ తప్పు చెప్పిన్నో దొరుకుతలేదే" అన్నాడు ఎనిమిదో రోజు పొద్దున. "ఆరువందల సార్లు నాకు పని చేసింది, ఆ పిల్లకెందుకు చెయ్యలే? నేను చెప్పుట్లనే ఏదో లోటున్నది. ఒక ఆడివిల్ల చెయ్యి తిన్న వకుళా."

చెబితే ఆ నేరం అతని మీంచి దిగిపోతుంది. దాంతోపాటే మూడేళ్ల మనిషీ పోతాడు. పప్పు గిన్నెతో చెప్పిన కథలు, పేరు, గురువన్న గౌరవం అన్నీ ఊడ్చిపెట్టుకుపోతాయి. చెప్పకపోతే అతను బతికినంతకాలం ఆ పేజీల్లో లేని తప్పును వెతుకుతూనే ఉంటాడు. వకుళ స్టవ్వు ఆపి వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. మేలుకొలుపు గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఎర్ర బటన్ నియమం రాసింది తానేనని కూడా చెప్పింది.

అతను తిడతాడనుకుంది. తిట్టలేదు. నోటుబుక్కు దగ్గరికి లాక్కుని, "లెక్క ఉంటది గద. తీస్కరా" అన్నాడు.

మధ్యాహ్నానికి ఆమె పరిశోధనశాల రికార్డు తెచ్చింది. అతను నోటుబుక్కు ఒక పక్క, జాబితా ఒక పక్క పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు.

"దసరా ముందు, ఐదో పంపు. రెండు గంటలు కొట్లాడిన. అది?"

"ఉత్తదే బావా."

"గాలి జొరవడ్డది?"

"ఉత్తదే."

"ఒకటో పంపు వణికింది, నాకు జ్వరముండె ఆనాడు. చీఫ్ ఇంజనీరు భుజం తట్టిండు."

"ఆయనకూ తెలుసు."

అతని వేలు ఆగుతూ ఆగుతూ జాబితా పొడుగునా దిగింది. మొత్తం ఆరువందల పన్నెండు. ఒక్కదాని పక్కన గుర్తు వేరేగా ఉంది. "ఇది?"

వకుళ తల దించుకుంది. "అది నిజం."

"నాలుగో పంపు. నేను ఆపిన దినం."

"ఔ. నువ్వు ఆపకుంటే ఇద్దరు పోతుండె."

"నీకు ఆనాడే తెల్సా?"

"తెలుసు బావా."

"మరి ఓపిక పట్టుమన్నవు గద" అన్నాడు సారంగపాణి. కోపంగా అనలేదు. నిజంగా అర్థం కానివాడు అడిగినట్టు అడిగాడు. వకుళకు ఏడుపు తన్నుకొచ్చింది. కొట్టినా బాగుండేది.

మర్నాడు ఇద్దరూ కోనాపురం వెళ్లారు. స్వరూప వాకిట్లో మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో పలక మీద సంతకం నేర్చుకుంటోంది. సార్‌ను చూసి లేవబోయింది. వాళ్లమ్మ కుర్చీలు వేసి, టీ పెడతానని లోపలికి వెళ్లింది.

సారంగపాణి నోరు తెరిచేలోపే ఆ పిల్ల అంది. "తప్పు నాదే సార్. మీరు చెప్పినంత ఓపిక పట్టలేకపోయిన. మొదాలు చెయ్యి బటన్ మీదికే పోయింది. మీరు యాదికొచ్చిన్రు. సిగ్గనిపిచ్చి తీసిన."

అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు వకుళే మాట్లాడింది. ఇంట్లో చెప్పినంత నెమ్మదిగా ఇక్కడ చెప్పలేకపోయింది. మాటలు తడబడ్డాయి, రెండుసార్లు మొదటికొచ్చింది. స్వరూప పలక ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

"సార్‌కు పొద్దు పోతలేదని ఆట వెట్టిన్రా మేడం?" అంది చివరికి. "మంచిదే. మాకైతే నిజం పనే ఉండె. పొద్దుగాల లేస్తే ఊపిరాడని పని. మీ ఆట మాదాంక ఎందుకు రానిచ్చిన్రు?"

వకుళ చేతులు జోడించింది. క్షమించమన్నది. ఆ పిల్ల అందుకు ఔననీ కాదనీ అనలేదు. సారంగపాణి వైపు తిరిగి, "అయితే సార్, అన్నిట్ల ఒక్కటే నిజమా?" అని అడిగింది.

"ఒక్కటే బిడ్డా."

"దాన్ని బటన్ నొక్కి ఆపిన్రా?"

"ఔ."

"అదొక్కటి మాకు చెప్పకపోతిరి" అంది స్వరూప.

టీలు వచ్చాయి. ఎవరూ తాగలేదు. వాళ్లమ్మ ఏమీ తెలియక, చక్కెర తక్కువైందా అని అడిగింది.

తిరుగు బస్సులో సారంగపాణి కిటికీ పక్కన కూర్చున్నాడు. కాలువ కట్ట వెంబడే దారి. నీళ్లు నిండుగా పోతున్నాయి. చాలా దూరం వచ్చాక అతను అటువైపే చూస్తూ అన్నాడు. "రేపు డ్యూటీకి పోత. దాన్ని తీసేయించు."

"ఇయ్యాలనే తీసేయిస్త. స్వరూప సంగతి, నా సంగతి అన్నీ రాసి ఇస్త. ఉద్యోగం పోతే పోనియ్." అంతలోనే ఆమె భయపడుతూ అడిగింది. "అది తీసేస్తే ఆ పన్నెండు గంటలు నీకెట్ల గడుస్తయ్ బావా? ఆ గదిల కూసుంటే నీ మనసుకేమైతది?"

అడిగాక ఆమెకే తోచింది. పట్టీ కట్టింది, గీతలు గీసింది, నాడి లెక్కించింది, కెమెరాలో మూడేళ్లు చూసింది. కానీ ఈ ఒక్క మాట అతణ్ణి నోటితో అడగడం ఇదే మొదలు.

సారంగపాణి ఆమె వైపు తిరిగాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

"ఇదే మాట ఆనాడు అడిగుంటే చెప్తుంటి గద వకుళా" అన్నాడు.